కాలవ కట్టేశారన్న మాట

పోయిన వారం మనం సుస్మితను నూతలవరం మున్సిపల్ ఆఫీసు మెట్ల మీద వదిలేసి వచ్చాం. ఎక్కాలో దిగాలో తెలియక, చేతిలో ఫోను పట్టుకుని నిలబడిపోయింది పాపం. వాళ్లమ్మ శివపార్వతి అప్పుడే ఫోను చేసి, చెప్పాల్సింది చెప్పి పెట్టేసింది. "మావయ్య వస్తున్నాడే. కాలవ మీద పలకలేసి మూసేస్తున్నారంట గదా. తాడో పేడో తేల్చుకుంటానని రైతులందర్నీ వెంటేసుకుని బయల్దేరాడు. నువ్వు ఆఫీసులోనే ఉన్నావుగా, కాస్త చూసుకో."

కాస్త చూసుకోవాలట. అన్నం పెట్టి పెంచిన మేనమామ ఒక పక్క, ఇప్పుడు అన్నం పెడుతున్న ఉద్యోగం ఒక పక్క. ఎటు చూసుకోవాలో మాత్రం ఆ మహాతల్లి చెప్పలేదు.

ఈ వారమే మనతో కలిసినవాళ్ల కోసం రెండు ముక్కలు. విజయవాడ నుంచి హనుమాన్ జంక్షన్ వెళ్లే దారిలో, హైవేని కరుచుకుని పెరిగిన ఊరు నూతలవరం. నిన్నమొన్నటి దాకా పంచాయతీ. మున్సిపాలిటీ అయిందో లేదో స్మార్ట్ పట్టణాల పథకంలోకి ఎక్కింది. ఊరి మధ్య నుంచి పోయే పంట కాలవని సిమెంటు పలకలతో కప్పేసి, దాని మీద సైకిల్ బాట వేసి, రెండు పక్కలా చెట్లు, సోలార్ దీపాలు, గాలి ఎంత పాడైందో చూపించే బోర్డులు పెట్టాలని కమిషనర్ జ్ఞానేశ్వరి గారి సంకల్పం. కాలవ ఎలాగూ మూతపడిందని సర్వే చెప్పింది. ఆ సర్వే చేసింది వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీగా ఉన్న మన సుస్మితే. తీరా చూస్తే కాలవ మూతపడలేదు. ఊరు దాటాక దాని కింద ఇప్పటికీ వరి పండుతోంది. ఆ రైతులకి పెద్దదిక్కు బసవయ్య, అంటే సుస్మిత మేనమామ.

సరే, సుస్మిత మెట్లెక్కింది. దిగిపోతే ఎక్కడికి పోతుంది గనక.

కౌన్సిల్ హాల్లో ప్రజాభిప్రాయ సేకరణ మొదలైపోయింది. ముందు వరసల్లో కాలనీల వాళ్లు, కాలవ గట్టు మీద షాపులు పెట్టుకున్నవాళ్లు. వెనక రైతులు, వాళ్ల మధ్య అప్పటికే వచ్చి కూర్చున్న బసవయ్య. సుస్మిత కుర్చీ వేదిక మీద, గోడ వారగా వేశారు. అక్కడికి చేరాలంటే అందరి మోకాళ్లు దాటుకుంటూ పోవాలి. చేరాక మళ్లీ బయటికి రావాలంటే హాలంతా లేచి దారివ్వాలి. కూర్చున్నాక గాని ఆ సంగతి ఆమెకి తట్టలేదు.

జ్ఞానేశ్వరి గారు మాట్లాడుతున్నారు. ఆవిడ చెడ్డ మనిషి కాదని మనకి ముందే తెలుసు. చెడ్డ మనిషయితే సుస్మితకి ఇంత నరకం ఉండేది కాదు, ఎదురుతిరిగి నాలుగు మాటలు అనేసి ఇంటికి పోయేది.

"మన పిల్లలు హైవే మీద లారీల మధ్య సైకిళ్లు తొక్కుకుంటూ కాలేజీకి పోతున్నారండి. పోయినేడు సాయిశ్రీని పోగొట్టుకున్నాం. వాళ్లమ్మ గారు ఇక్కడే ఉన్నారు. ఊరికి ఇంకో దారి లేదు. ఉన్న ఒక్క ఖాళీ జాగా ఆ కాలవే. ఈ రోజు ఈ సభ ఒప్పుకుంటే తీర్మానం సాయంత్రానికి విజయవాడ చేరుతుంది. లేదంటే పథకంలో మన చోటు వేరే ఊరికి పోతుంది. ఆ తర్వాత ఈ అవకాశం మళ్లీ ఎప్పుడొస్తుందో నేను చెప్పలేను."

ముందు వరసలో ఒకావిడ తల వంచుకుని చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. సుస్మిత అటు చూడలేక చూపు తిప్పుకుంది. సైకిల్ బాట రావాలని ఆమె మనసులో కూడా ఉంది. సర్వే కోసం ఎండలో తిరిగిన రోజుల్లో ఆ ఆశతోనే తిరిగింది మరి.

అప్పుడు బసవయ్య లేచాడు. ఇస్త్రీ చొక్కా, భుజాన కండువా. ఆయన లేస్తే వెనక గుసగుసలు వాటంతటవే ఆగుతాయి. ఆ మనిషి మాటకి ఊళ్లో ఉన్న విలువ అలాంటిది. అన్నదమ్ముల పొలం తగాదాలో గట్టు ఎక్కడుండేదో చెప్పమంటే, తన వాటా తగ్గిపోతుందని తెలిసి కూడా ఉన్నమాట చెప్పినవాడాయన. ఆ పొలం ఇప్పటికీ తమ్ముడే దున్నుకుంటున్నాడు. "అబద్ధమాడి తినే మెతుకు అరగదు" అంటాడు ఎవరైనా అడిగితే.

"కమిషనర్ గారూ, సైకిళ్ల బాట వద్దని మేమనడం లేదండి. ఆ పిల్ల పోయినప్పుడు మేమూ ఏడ్చాం. గట్టు మీద వేసుకోండి. కాలవ మీద మాత్రం వద్దు. పలకలేసి మూస్తే అందులో పూడిక ఎవరు తీస్తారు, అల్లుకున్న తూటికాడ కలుపు ఎవరు లాగుతారు? రెండేళ్లు తిరిగేసరికి చుక్క నీరు కిందికి దిగదు."

"గట్టు మీద షాపులున్నాయి కదండీ," అంది ఆవిడ.

"ఉన్నాయి. తీసే ధైర్యం లేక కాలవ మీద పడ్డారు."

షాపుల వాళ్లు ఒక్కసారిగా గొంతులు లేపారు. జ్ఞానేశ్వరి గారు చెయ్యెత్తి ఆపింది.

"బసవయ్య గారూ, నడిచే కాలవనైతే నేను ముట్టుకునేదాన్ని కాదు. కాలవ మూతపడిందని సర్వేలో తేలిందండి."

"నడవట్లేదని చెప్పిన ఆ పెద్దమనిషి ఎవరో నా ముందుకు తీసుకురండి," అన్నాడు బసవయ్య. "మొహాన్నే అడుగుతాను."

వద్దు మావయ్యా, ఆ మాట మాత్రం అడక్కు అని సుస్మితకి అరవాలనిపించింది.

పక్కనే కూర్చున్న కన్సల్టెంట్ ప్రణవ్‌కి ఆ కుర్రతనంలో ఆలోచనెక్కడిది, హుషారుగా లాప్‌టాప్ దగ్గరికి లాక్కున్నాడు. హైదరాబాద్ పిల్లాడు. పంట కాలవకీ మురుగు కాలవకీ తేడా గూగుల్ మ్యాపులో కనపడదు కదా అనేవాడు. "సర్వేలో ప్రతి జవాబూ రికార్డ్ చేశాం మేడమ్, వినిపిస్తాను," అన్నాడు. స్పీకర్లలోంచి ముందు సుస్మిత గొంతే వచ్చింది.

"కాలవ నడుస్తోందా మావయ్యా?"

"ఎక్కడ నడుస్తోందే, కట్టేశారుగా."

"ఎవరు కట్టేశారు?"

"ఇంకెవరు, గవర్నమెంటోళ్లే."

ముందు వరసల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు పాకి హాలంతా అయింది. వెనకున్న రైతులు మాత్రం నవ్వలేదు, బసవయ్య మొహంలోకి చూస్తున్నారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. డెల్టాలో పుట్టినవాళ్లకి ఈ మాట విడమర్చక్కర్లేదు. ఎండాకాలం వచ్చేసరికి కాలవలు కట్టేస్తారు, నారుమళ్ల వేళకి మళ్లీ వదులుతారు. కట్టెయ్యడమంటే నీళ్లు ఆపడం, అంతే. మండుటెండల్లో వెళ్లి కాలవ నడుస్తోందా అని అడిగితే ఏ రైతైనా చెప్పే జవాబు అదే. ఎండాకాలం ప్రశ్నకి ఎండాకాలం జవాబు. కానీ సర్వే చేసిన ట్యాబులో ఎండాకాలం అన్న గడి ఎక్కడుంది? వాడుకలో ఉంది, మూసివేశారు, ఈ రెండే. సుస్మిత వేలు రెండో దాని మీద పడింది.

అక్కడితో అయిపోయినా బాగుండును. ప్రణవ్ తన రిపోర్టులో మొదట ఈ 'కట్టేశారు'ని 'నిర్మించారు' అని రాశాడు. ప్రభుత్వం వారు కాలవని కొత్తగా నిర్మించారని. అది చూసి ఆఫీసంతా పొట్ట పట్టుకుని నవ్వారు. "అయ్యో సార్, కట్టేశారంటే కట్టడం కాదు, మూసెయ్యడం," అని పక్కన కూర్చుని మరీ దిద్దింది సుస్మిత. మన భాష మనకి కాక ఎవరికొస్తుందని ఆ రోజు ఎంత మురిసిపోయిందో. ఒకటో తప్పు తీసేసి రెండో తప్పు పెట్టానని, అది మొదటిదానికంటే ప్రమాదమని, తిట్టుకోవడానికి కూడా ఇప్పుడు తీరిక లేదు.

"ఆ గొంతు మీదేనా అండీ?" జ్ఞానేశ్వరి గారు అడిగింది.

"నాదే," అన్నాడు బసవయ్య. "కాదంటే నాలిక కోసుకోవాలి. అయితే అమ్మా, అది ఎండాకాలం మాట. కట్టేశారంటే..."

"ఒక్క నిమిషం." ఆవిడ గొంతు తగ్గించింది. బెదిరింపుగా అని ఉంటే ఎలాగో తట్టుకునేవాడే. ఆవిడ దయగా చెప్పింది. "మీరేమంటున్నారో అర్థం చేసుకుని అనండి. ఎండాకాలానికి ఆపారా, మొత్తానికే మూశారా అని విడదీసి అడగడం సెక్రటరీ బాధ్యత. అడగకుండానే మూసేశారని ఎక్కించిందంటే తప్పుడు సర్వే చేసినట్టు. అప్పుడు నేను పైకి రాయాలి. రాశాక ఆ అమ్మాయి ఉద్యోగం నా చేతుల్లో ఉండదండి. విచారణ, సస్పెన్షన్, ఇంకా ఏమవుతుందో. ఇప్పుడు చెప్పండి. అడగలేదంటారా?"

వెనకనించి ఆరోన్ లేచాడు. కాలవ చిట్టచివర కౌలుకి చేసుకుంటున్న రైతు. నీళ్లు తగ్గితే ముందు ఎండేది ఆయన చేనే. "చెప్పండి బసవయ్య గారూ, ఆలోచించేదేముంది. అడగలేదని చెప్పండి. నారు పోసుకుని కాలవ ఎప్పుడు వదులుతారా అని కూర్చున్నాం. మీ మాట మీద వచ్చాం."

సుస్మిత లేవబోయింది. ప్రణవ్ ఆమె మోచెయ్యి పట్టుకుని ఆపాడు. "కూర్చోండి మేడమ్, ప్లీజ్. ఒక్క జవాబు తప్పని తేలితే సర్వే మొత్తం పోతుంది. ప్రాజెక్టే పోతుంది. మీరొక్కరే కాదు, అందరం పోతాం." ముందు గోడలా జనం, వెనక నిజంగానే గోడ. అడకత్తెరలో పోకచెక్క అంటారే, ఆ పోకచెక్కకైనా తను చేసిన తప్పంటూ ఏమీ ఉండదు.

బసవయ్య వేదిక వైపు చూశాడు. కమిషనర్‌ని కాదు, మేనకోడల్ని చూశాడు. తండ్రి పోయిన పిల్ల. సచివాలయం పరీక్షకి ఇబ్రహీంపట్నంలో సెంటర్ పడితే తెల్లారుజామున స్కూటర్ మీద ఎక్కించుకుని తీసుకెళ్లి, పిల్ల రాసి వచ్చేదాకా ఎండలో గేటు బయటే నిలబడ్డాడు. రిజల్టు వచ్చిన రోజు చెల్లెలు శివపార్వతి ఆయన చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆ ఇంటికి ఇప్పుడు ఆ ఉద్యోగమే ఆధారం. అదంతా ఆయన మొహంలో కదులుతోంది. సుస్మితకి భయం వేసింది. తిడతాడని కాదు. ఆయన ఏం చెయ్యబోతున్నాడో ఆమెకి ముందే అర్థమైపోయింది.

"అమ్మాయి అడిగిందండి," అన్నాడు బసవయ్య.

"ఏమని?"

"ఆ రికార్డు మిషను ఆపేశాక మళ్లీ అడిగింది. ఎండాకాలానికి కట్టేశారా, అసలుకే కట్టేశారా అని విడమర్చి మరీ అడిగింది. నేనే... అసలుకే కట్టేశారన్నాను. ఏదో పరాగ్గా ఉండి అనేశాను. దాని తప్పేం లేదు."

అని కూర్చున్నాడు. కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఈ జన్మలో ఆయన ఆడిన మొదటి అబద్ధం అది కావచ్చు. ఎంత పకడ్బందీగా ఆడాడో చూడండి. మిషను ఆపేశాక జరిగిందట. ఇక సాక్ష్యం ఎక్కడిది?

ఆరోన్‌కి కాసేపు నమ్మకం కలగలేదు. తర్వాత బసవయ్యకి వినపడేలా అన్నాడు. "మేనకోడలి కోసం మా నోట్లో మట్టి కొట్టారండి. మిమ్మల్ని చూసి వచ్చాం గదండీ మేము." బసవయ్య పక్కన కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి వెనక్కి వెళ్లిపోయారు. ఆ వరసలో ఆయనొక్కడే మిగిలాడు. తల పైకెత్తలేదు.

"ఇంకెవరికైనా అభ్యంతరం ఉందా?" జ్ఞానేశ్వరి గారు అడిగింది. ఆవిడ మొహంలోనూ గెలిచిన సంతోషమేమీ లేదు. సూపరింటెండెంట్ కళ్లజోడు సవరించుకుని తీర్మానం చదవడం మొదలెట్టాడు. "నూతలవరం పట్టణ పరిధిలో వాడుకలో లేని కాలువను..."

వాడుకలో లేని. సుస్మిత నొక్కిన గడి ఇప్పుడు తీర్మానమవుతోంది. ఊరుకుంటే చాలు. ఉద్యోగం ఉంటుంది, అమ్మకి బెంగ ఉండదు, సైకిల్ బాట వస్తుంది, ఆ ముందు వరస తల్లికి కొంచెం ఊరట దొరుకుతుంది. అందరికీ మంచే. ఒక్క మావయ్యకి తప్ప. ఆయన పొలం ఎండుతుంది, అది ఆయన ఓర్చుకుంటాడు. రేపటినించి ఊళ్లో ఎవరూ ఆయన మాట నమ్మరు, అదే ఆయన ఓర్చుకోలేడు. తప్పు చేసింది తను, శిక్ష వేసుకుంది ఆయన. ఇంత ప్రేమ ఎవరడిగారు అని కోపం కూడా వచ్చింది ఆమెకి, కళ్లనిండా నీళ్లతో.

మోచెయ్యి విడిపించుకుని లేచింది. మైకు అందుకుంది.

"ఆపండి సార్," అంది సూపరింటెండెంట్‌తో. "బసవయ్య గారు చెప్పింది అబద్ధమండీ. మిషను ఆపేశాక నేనేమీ అడగలేదు. మంచినీళ్లు తాగి వచ్చేశాను. కట్టేశారంటే ఏంటో నాకు తెలుసు. తెలిసి కూడా తప్పు గడి నొక్కాను."

హాలంతా ఒక్కసారిగా మాట్లాడటం మొదలెట్టింది. బసవయ్య గబుక్కున లేచాడు.

"దాని మాట నమ్మకండి. నా పరువు పోతోందని అలా అంటోంది. చిన్నపిల్ల. అడిగింది, నేను చెప్పాను, అంతే."

"మావయ్యా," అంది సుస్మిత.

"నువ్వు కూర్చో."

జ్ఞానేశ్వరి గారు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో తప్పు నాది కాదని కొట్టుకునేవాళ్లని చూసింది గాని, నాదంటే నాదని కొట్టుకునేవాళ్లని చూసినట్టు లేదు. "ఇద్దర్లో ఒకరు నాతో అబద్ధం చెబుతున్నారు," అంది చివరికి. "రికార్డు లేదు. మూడో మనిషి లేడు. ఎవర్ని నమ్మమంటారు?"

"మా బసవయ్య గారు అబద్ధమాడరండి," అన్నాడు షాపుల వాళ్లలో ఒకడు. ఇన్నాళ్లూ ఆయన్ని తిట్టినవాడే. అవసరానికి ఎంత గౌరవం పుట్టుకొచ్చిందో. ఆ మాటకి నలుగురూ తలలూపారు. సుస్మితకి ఇక దారులన్నీ మూసుకుపోయాయి. ఆయన జీవితమంతా కూడబెట్టుకున్న మంచిపేరే ఇప్పుడు ఆయన అబద్ధానికి కాపలా కాస్తోంది.

మైకు బల్ల మీద పెట్టేసింది. వేదిక దిగింది. మోకాళ్లు పక్కకి జరిగాయి, కుర్చీలు జరిగాయి, దారి దానంతటదే వచ్చింది. ఖాళీ అయిన ఆ వరసలో మావయ్య ముందుకి వెళ్లి నిలబడింది.

"ఏంటే ఇది, నలుగుర్లో," అన్నాడు బసవయ్య నెమ్మదిగా. "ఇంటికి పద. నేను చూసుకుంటాను."

ఆమె ఆయన కుడిచెయ్యి పట్టుకుంది. మట్టి పని చేసి చేసి మొద్దుబారిన చెయ్యి. దాన్ని ఎత్తి తన నడినెత్తిన పెట్టుకుంది. రెండు చేతులతో గట్టిగా అదిమి పట్టింది, తీసెయ్యకుండా.

చూస్తున్నవాళ్లకి ఎవరూ ఏమీ వివరించక్కర్లేకపోయింది. ముందు వరసలో సాయిశ్రీ తల్లి కొంగు వదిలేసి నిటారుగా కూర్చుంది. వెనక ఆరోన్ మళ్లీ లేచి నిలబడ్డాడు. ఒట్టు వేసి అబద్ధమాడితే ఆ కీడు ఎవరి తల మీద చెయ్యి వేశారో వాళ్లకి తగులుతుందని ఆ హాల్లో నమ్మనివాళ్లు కూడా భయపడతారు. బసవయ్య నమ్మేవాడు.

"ఇప్పుడు చెప్పు మావయ్యా," అంది సుస్మిత. "మిషను ఆపేశాక నేను నిన్ను మళ్లీ అడిగానా?"

ఆయన కళ్లు ఎర్రబడ్డాయి. నిజం చెబితే ఈ తలకి నీడగా ఉన్న ఉద్యోగం పోతుంది. అబద్ధం చెబితే ఈ తలే పోతుందని ఆయన భయం. చెయ్యి లాక్కోబోయాడు, ఆమె వదల్లేదు. నీకు నేనేం ద్రోహం చేశానే అన్నట్టు చూశాడు ఆమెని.

"బసవయ్య గారూ," వేదిక మీదనుంచి జ్ఞానేశ్వరి గారి గొంతు వినిపించింది. "మీరేమంటే అదే రాసుకుంటాం."

బసవయ్య చెయ్యి అలాగే మేనకోడలి తల మీద ఉంచి, కమిషనర్ వైపు తిరిగి, నోరు తెరిచాడు.